ఊదూ కాదు, గిటారూ కాదు

మా ఇంట్లో ఏ వస్తువూ తన చోట్లో సరిగ్గా పట్టదు. దేవుడి మందిరం గూట్లో దూరదు. స్టూలు బల్ల కిందికి పోదు. వంటింటి అలమార తలుపు పూర్తిగా మూసుకోదు, దానికి నేనో రబ్బరు బ్యాండు తగిలించాను. ఇవన్నీ మా ఆయన కామేశ్వరరావు గారు స్వయంగా చేసినవే. చేతకాక ఇలా వచ్చాయనుకుంటే పొరపాటు. ఆ మందిరం మీద చెయ్యి వేసి చూడండి, ఎక్కడా అతుకు తగలదు. తంటా అంతా కొలతలో ఉంది.

ఆయన ఇక్కడ పటాన్‌చెరు దగ్గరి ప్లాంటులో, ప్యాటర్న్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఉక్కు పోత పోసే ముందు ఆ వస్తువుకి చెక్కతో అచ్చు చేస్తారు. ఆ అచ్చులు చేయడం ఈయన పని. కరిగిన ఉక్కు చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు రవ్వంత పెద్దదిగా ఉండాలి. దానికని ఓ ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. చూడ్డానికి మామూలు స్టీలు స్కేలే, కానీ దాని మీద సెంటీమీటరు అసలు సెంటీమీటరు కన్నా వెంట్రుకవాసి పెద్దది. కుదింపు స్కేలు అంటారు. ఈయన పెట్టెలో మామూలు స్కేలూ అదీ పక్కపక్కనే ఉంటాయి, కవల పిల్లల్లా. ఇంట్లో ఏం చేసినా చెయ్యి మాత్రం ఆ పెద్దదాని మీదికే పోతుంది. "చెక్క చల్లారితే కుదించుకుపోదండీ, అది ఉక్కు కాదు" అని నేను మొత్తుకుంటూనే ఉంటాను. "అలవాటే నాగరత్నం" అంటారు. అంతకు మించి మాట రాదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడుతూ వచ్చాను, పెళ్లయిన దగ్గర్నించీ.

ఈ స్కేలు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత అదే మా పరువు తీసింది. తీసిందో, నిలబెట్టిందో మీరే తేల్చుకోండి.

మహిత మా గుమ్మం ఎక్కింది ఎండాకాలంలో. భానూరు పిల్ల. తెల్లాపూర్ అపార్టుమెంట్లలో పిల్లలకి గిటారు నేర్పుతుంది. స్కూటీ మీద ఎండలో తిరిగి తిరిగి, గిటారు మీద తీగలు పట్టి ఉంచే చెక్క అతుకు ఊడి లేచిపోయింది. పటాన్‌చెరులో ఎవరో మా ఆయన పేరు చెప్పారట.

"సార్, జెర చూడుండ్రి. షాపుల కొత్తది కొనుక్కోమంటున్నరు" అంది.

ఈయన జన్మలో గిటారు ముట్టుకున్న మనిషి కాదు. దాన్ని తిరగేశారు, బోర్లేశారు, చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో తట్టారు. "రేపు రా అమ్మా" అన్నారు. మర్నాటికి అతుకు ఎక్కడ వేశారో నాకు కనబడలేదు. ఆ పిల్ల వాయించి చూసుకుంది. సంతోషించింది. అయినా లేవకుండా అక్కడే కూర్చుంది. ఏదో అడగాలని ఉంది, నోరు రావడం లేదు.

"చెప్పవే తల్లీ. ఈయన అడగరు, నువ్వు చెప్పవు, మధ్యలో నా కాఫీ చల్లారిపోతోంది" అన్నాను.

"ఆంటీ, సారు ఊద్ చేస్తరా?"

"ఊదడమేంటే, ఈయనకి ఈల వెయ్యడం కూడా రాదు."

పిల్ల పడీ పడీ నవ్వింది. ఊదేది కాదట, మీటేదట. అరబ్బుల వాద్యమట. నాకు తెలిసిన ఊదు ఊదొత్తుల్లోదే. మాటలతో చెబితే నమ్మననుకుందో ఏమో, రెండో రోజు ఆ వాద్యాన్నే దుప్పట్లో చుట్టుకుని తెచ్చింది. వాళ్ల వీధిలో ఓదెలు అని ఒకతను మస్కట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు అక్కడి యజమాని ప్రేమగా ఇచ్చాడట. వాయించడం రాదు కాబట్టి గోడకి తగిలించుకున్నాడు.

సగానికి కోసిన బొప్పాయికాయలా ఉంది. వెనక గుండ్రటి పొట్ట, పొట్టి మెడ, మెడ చివర వెనక్కి వంగిన తల. తీగలు జంటలు జంటలుగా ఉన్నాయి. అన్నిటికన్నా వింత, మెడ మీద మెట్లు లేవు. గిటారుకీ వీణకీ మెడ మీద అడ్డంగా మెట్లుంటాయి కదా, వేలు ఎక్కడ నొక్కినా స్వరం ఆ మెట్టు దగ్గరే పలుకుతుంది. దీని మెడ నున్నగా ఉంది. వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం.

"నీకు గిటారుంది కదా, ఇదెందుకు?" అన్నాను.

అప్పుడు చెప్పింది రాజవ్వ సంగతి.

రాజవ్వ మహితకి నాయనమ్మ. భానూరులో నాట్లకైనా పెళ్లిళ్లకైనా ఆవిడే పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. మహితకి గిటారు వచ్చిన కొత్తలో ఓ పెళ్లిలో అవ్వ పాడుతుంటే పక్కన కూర్చుని వాయించింది. కుదరలేదు. అవ్వ గొంతు ఒక చోట నిలిస్తే గిటారు మెట్టు ఇంకో చోట ఉంది. ఈ పిల్ల ఏం చేసిందయ్యా అంటే, ఫోన్లో శ్రుతి చూసే యాప్ తీసి, ముల్లు ఎర్రగా పక్కకి పడిపోవడం అందరికీ చూపించి, "అవ్వా, నువ్వు తప్పు పాడుతున్నవ్" అంది. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. జనం నవ్వారు. అవ్వ పాట మధ్యలో ఆపేసింది. ఆ రోజు ఆపింది, మళ్లీ ఎత్తుకోలేదు. ఎవరు బతిమాలినా నోరు విప్పలేదు. నాట్లకి వెళ్లి కూడా మూగగా నాటి వచ్చిందట.

"తర్వాత కాళ్లు మొక్కిన ఆంటీ. ఒక్కటే మాటన్నది. నీ డబ్బ మెట్ల మీద నడుస్తది బిడ్డా, నా పాట వాలు మీద జారుతది, మనకు కలువది అన్నది. గంతే, ఇగ పాడలే" అని మహిత చున్నీతో కళ్లు తుడుచుకుంది.

నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఆ ముసలావిడ మీద మాత్రం ఎక్కడలేని గౌరవం కలిగింది. ఎంత మాట అంది, ఎంత తేలిగ్గా అంది. వీణ నేర్చుకుని వదిలేసిన నాకు ఇన్నేళ్లలో ఆ ముక్క తట్టలేదు.

"మరి ఈ ఊద్ నేర్చుకో. దీనికి మెట్లు లేవుగా" అన్నాను.

"ట్రై చేసిన ఆంటీ. పొట్ట గుండ్రం, ఒళ్లో నిలవది. మెడ పొట్టిది, నా వేళ్లేమో గిటార్ దూరాలకు అలవాటైనయ్. శ్రుతి వరుస వేరే. తీగలు బిగించే చెక్క బిరడలు ఊకె జారుతయ్. మళ్ల మొదటికెల్లి నేర్చుకోవాలంటే ఏండ్లు పడ్తది. గన్నేండ్లు అవ్వను గట్లనే మూగగ ఉంచాల్నా?" ఈయన వైపు తిరిగింది. "గిటార్ వాయించేటోళ్ల చేతికి వచ్చే ఊద్ కావాలె సార్. గసొంటిది చేయొస్తదా?"

ఈయన ఊద్‌ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు పొట్ట నిమిరారు. నేను మాటల కోసం చూసి చూసి విసిగిపోయాక, "వీపు లోతు సగం చేస్తే?" అన్నారు. ఆయన నోటి నుంచి అంత పెద్ద ప్రశ్న రావడం నేను ఎప్పుడూ వినలేదు.

ఇక చూడండి. రిటైరైన దగ్గర్నించి గోడ మీది గడియారం కన్నా నెమ్మదిగా తిరిగే మనిషి తెల్లారకుండానే లేచి వరండాలో పనిముట్లు పరుచుకునేవారు. మొదట చెక్క జోలికి పోలేదు. మహితని కూర్చోబెట్టి, గిటారు వాయించమని, ఎదురుగా తాను పీట మీద కూర్చుని అది ఆ పిల్ల తొడ మీద ఎక్కడ ఆనుతోందో, మోచెయ్యి ఎక్కడ మడుస్తోందో, బొటనవేలు మెడ వెనక ఎక్కడ పట్టు పడుతోందో చూశారు. నాకు విసుగొచ్చి, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలేదు" అన్నాను. తల కూడా ఎత్తలేదు.

అలా చూసి చూసి ఒక్కొక్కటీ తేల్చుకున్నారు. మెడ పొడవూ వెడల్పూ గిటారువే ఉండాలి, అప్పుడే ఆ పిల్ల వేళ్లకి కొత్తగా తోచదు. శ్రుతి వరసా గిటారుదే. కానీ అట్టడుగు తీగ ఒక్కటీ ఒంటరిగా ఉంచి, మిగతావన్నీ ఊద్‌లాగే జంటలుగా వెయ్యాలి, ఎందుకంటే ఆ గలగల అంతా జంటల్లోనే ఉంది. చెక్క బిరడల బదులు గిటారుకుండే మర బిరడలు. పొట్ట గుండ్రంగానే ఉండాలి కానీ సగం లోతే, కింది అంచున తొడ మీద ఆనడానికి చిన్న నొక్కు. చెబుతుంటే సులువుగా ఉంది. కాగితం మీద ఆ నొక్కు ఒక్కటే ఎన్నిసార్లు గీసి చెరిపారో, రబ్బరు పొట్టు ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయింది.

వీపుకి టేకు. తీగల కింద ఉండే ముఖానికి మాత్రం పలచగా, తేలిగ్గా, చారలు తిన్నగా ఉన్న చెక్క కావాలి. అది ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? ఈయన నన్ను వెంటేసుకుని పెద్దరాములు తుక్కు దుకాణానికి వెళ్లారు. ఫ్యాక్టరీలకి విదేశాల నుంచి యంత్రాలు వస్తాయి కదా, వాటి పెట్టెల చెక్కలన్నీ చివరికి అక్కడికే చేరతాయి. ఈయన ఒక్కో పలక తీసి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి, పక్కన పెట్టి, ఇంకోటి తీశారు. పెద్దరాములు బీడీ ఆర్పేసి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గివి పొయ్యిల వెట్టే కట్టెలు. గింతసేపు ఏరుతున్నవ్, పిల్లకు సంబంధం సూస్తున్నవా ఏంది?"

"అంతకన్నా ఎక్కువే బాబూ" అన్నాను నేను.

ఈయన ఒక పలక దగ్గర ఆగిపోయారు. దాన్ని తట్టి పెద్దరాములు చెవి దగ్గర పెట్టారు. పెద్దరాములు విని, మళ్లీ తట్టమని విని, "ఓర్నీ, ఇది మోగుతుంది గదా" అన్నాడు. అప్పటి నుంచి తనూ ఏరడం మొదలెట్టాడు. ఇప్పటికీ మంచి పలక దొరికితే మా గేటు దగ్గర ఆనించి పోతాడు.

ఇక నా కుక్కరు సంగతి. టేకు బద్దలు వంగాలంటే ఆవిరి పట్టాలట. నేను కూరగాయలకి వెళ్లి వచ్చేసరికి కుక్కరు మూత మీద విజిల్ లేదు. ఆ కన్నానికి రబ్బరు గొట్టం, గొట్టం రెండో కొస ఓ నీళ్ల పైపులో, పైపు నిండా టేకు బద్దలు. ఇంటినిండా చెక్క ఉడికిన వాసన. "ఇంకోసారి వంటింట్లో అడుగు పెడితే చూడండి" అని కేకలేశాను. ఆ పూట మాకు పప్పు లేదు, మజ్జిగ అన్నమే.

కానీ నేను చూశాను. వేడి వేడి బద్దని పైపులోంచి తీసి, తాను చెక్కుకున్న అచ్చు మీద పెట్టి, బాలింత పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని మెల్లగా వంచారు. మొదట కొన్ని ఫట్ మని విరిగాయి. విసుక్కోలేదు, విరిగినదాన్ని కూడా వెలుతురుకి పెట్టి చూసి, ఎందుకు విరిగిందో దాన్నే అడుగుతున్నట్టు చూసి, ఇంకోటి తీశారు. తరవాతవి వంగాయి. బద్ద పక్కన బద్ద చేరి పొట్ట ఏర్పడుతుంటే నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఇన్నేళ్లుగా ఈయన చేసిన అచ్చులన్నీ ఇసుకలో పూడ్చి, ఉక్కు పోసి, పక్కన పారేసేవాళ్లు. మా ఇంటి సామాను పక్కన పెడితే, పైవాళ్ల కోసం చేసిన వస్తువు చేసినట్టుగా నిలవడం ఇదే మొదటిసారి. ఆ సంగతి ఆయన అనలేదు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఒక సాయంత్రం వచ్చి, "నాగరత్నం, నీ మెలికల ముగ్గు ఒకటి కాగితం మీద వేసివ్వు" అన్నారు. ఊద్ ముఖం మీద గుండ్రటి రంధ్రానికి జల్లెడలాంటి చెక్కడం ఉంటుంది, దానికి. తన పనిలోకి నన్ను పిలవడం అదే మొదలు. నేను పైకి మాత్రం "ఇప్పుడా, పాలు పొయ్యి మీదున్నాయి" అన్నాను. పెన్సిలు తీసుకుని గీశాను.

"చుక్కలు పెట్టుకోవా?" అన్నారు.

"చుక్కలు ముగ్గు రానివాళ్లకండీ. నాకు చెయ్యే తిరుగుతుంది."

"ఆ పిల్లకి మాత్రం పెట్టాలి" అన్నారు ఆలోచిస్తూ. "మెట్ల మీద పెరిగిన పిల్ల. నున్నటి మెడ మీద దారి తప్పుతుంది. మెట్లుండాల్సిన చోట్ల మెడ అంచున చుక్కలు పెడతాను."

అలాగే పెట్టారు. పాత చొక్కా తెల్ల గుండీలు అరగదీసి చుక్కలు చేశారు. గిటారు మెట్ల దూరాలు కాగితం మీద రాసుకుని, పెట్టెలోంచి స్టీలు స్కేలు తీసి, సూదితో గుర్తులు గీసి, ఒక్కో చుక్కా పొదిగారు. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్నాను. తీసింది ఏ స్కేలో నేను చూడలేదు. ఆయనా చూడలేదు.

తీగలు వేసిన రోజు మహిత వచ్చింది. ఒట్టి తీగలు మీటి శ్రుతి చేసుకుంది, అంతే. వాయించమంటే వాయించలేదు. "ఫస్ట్ పాట అవ్వే వినాలె ఆంటీ. నేను మొక్కుకున్న" అంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే అది అక్కడే పుట్టినట్టు కూర్చుంది. ఊదూ కాదు, గిటారూ కాదు, కానీ ఎవరికో కావలసిన వస్తువని చూస్తేనే తెలుస్తోంది. నేను దిష్టి తీశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటోలో భానూరు వెళ్లాం. మా ఆయన వైద్యుడిలా పనిముట్ల సంచి కూడా వెంట తెచ్చుకున్నారు, బిరడలేమైనా బిగించాల్సి వస్తుందేమోనని. రాజవ్వ అరుగు మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. బక్కపలచటి మనిషి, చూపు మాత్రం గునపం. ఓదెలు ముందే వచ్చి కుర్చీ వేసుకున్నాడు.

"కూసోండ్రి చెల్లె. పాటైతే ఇంట గని, నేను పాడ. ముందుగాల్నే సెప్తున్న" అంది రాజవ్వ నాతో.

"మిమ్మల్ని పాడమన్నదెవరక్కా, కంకులు ఒలుచుకోండి" అన్నాను. ఆవిడ పెదవి కాస్త వంగింది. నా నోరు నచ్చిందనుకుంటాను.

మహిత సంచి విప్పింది. ఓదెలు లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "మా ఊద్ మనుమరాలు పుట్టినట్టుంది సార్. మా సేఠ్ సూస్తే ముద్దు వెట్టుకుంటడు" అన్నాడు.

రాజవ్వ కూడా చూసింది. "మెట్లేవి?" అంది.

"లేవవ్వా. నీ పాట కోసమే లేకుంట చేయించిన."

అవ్వ చేతిలో కంకి ఆగింది. మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది.

మహిత వాయించింది ఆ పెళ్లి పాటే, నాడు మధ్యలో తెగిపోయిందే, అదే. మొగులు మీద మొగులు పాయె ఓ వదినా, మోట కాడ మనసు పాయె ఓ వదినా. పాట మొదలు కింది స్వరాల్లోనే ఉంటుంది. మెట్లు లేని మెడ మీద ఆ పిల్ల వేళ్లు జారుతుంటే తీగలు మాట్లాడినట్టే ఉంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. ఈ మనిషితోనా నేను అలమార తలుపుల కోసం పోట్లాడాను అనిపించింది.

తరవాత పాట పైకి ఎక్కింది. "ఓ వదినా" అనే చోట బాగా పైకి పోయి, అక్కణ్ణించి జారాలి. మహిత మెడ అంచున చుక్క చూసుకుని సరిగ్గా దాని మీద వేలు పెట్టింది. స్వరం గట్టున పడ్డ చేపలా ఎగిరి పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. పైకి పోయిన కొద్దీ ఇంకా తేడాగా పలికింది. పిల్ల ముఖం ఎర్రబడింది. ఓదెలు దగ్గాడు.

మా ఆయన కళ్లు తెరిచారు. సంచిలో చెయ్యి పెట్టి స్టీలు స్కేలు తీసి, కొసన ఉన్న చిన్న అక్షరాలు వెలుతురుకి పెట్టి చదువుకున్నారు. చదువుకుని, స్కేలు ఒళ్లో పెట్టుకుని, తల దించుకున్నారు. నాకు అర్థమైపోయింది. నా మందిరం, నా స్టూలు, నా అలమార, ఇప్పుడు ఈ పిల్ల బతుకు. మెడ పొడవు గిటారు పక్కన పెట్టి గీసుకుని, చుక్కలు మాత్రం ఆ కుదింపు స్కేలుతో పెట్టేశారు. అవతల ఒక మనిషి నోరు విప్పుతుందా లేదా అన్నది ఆ చుక్కల మీదే ఆధారపడి ఉంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. కానీ ఆయన ముఖం చూశాక, జీవితంలో మొదటిసారి నాకూ మాట రాలేదు.

"ఎక్కువైంది" అంది రాజవ్వ. తల ఎత్తలేదు, కంకి మీదే ఉంది చూపు.

మహిత ఉలిక్కిపడింది. "సుక్క మీదనే పెట్టిన అవ్వా."

"సుక్క మీద పెడితే ఏమొస్తది. పాట మీద పెట్టు."

మహిత వేలు కాస్త జరిపింది.

"ఇంక జెర కిందికి. గంత కాదు, దాటిపోయినవ్."

"సుక్కలే తప్పున్నట్టున్నయ్ అవ్వా."

"ఆడలేక మద్దెల ఓడన్నదట నీ అసొంటిదే."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి తీయలేదు. మళ్లీ వాయించింది, మళ్లీ తప్పు పలికింది. రాజవ్వ చేతిలోని కంకి చాటలో పడేసింది.

"ఇటు సూడు. నువ్వు తప్పు వలుకుతున్నవ్ బిడ్డా. గట్ల కాదు, ఇను" అని పాడింది.

ఇన్నాళ్లు మూసి ఉంచిన గొంతు మొదట బొంగురుగా వచ్చింది. రెండో మాటకే విచ్చుకుంది. "ఓ వదినా" దగ్గర పైకి పోయి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, అక్కణ్ణించి ఏ మెట్టూ తొక్కకుండా మెల్లగా దిగి, ఎక్కడో మధ్యలో, నా వీణ మీద ఎప్పుడూ లేని ఒక చోట కుదురుగా కూర్చుంది. దీన్నా తప్పన్నారు, దీన్నా చూసి నవ్వారు అనుకున్నాను. మహిత నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఆగినవేంది. వాయించు" అంది అవ్వ.

మహిత ఈసారి చుక్కల వైపు చూడలేదు. అవ్వ నోటి వైపు చూసింది. కాసేపటికి అదీ చూడకుండా కళ్లు మూసుకుంది. అవ్వ పాడిన చోటుకల్లా వేలు పాకుతూ వెళ్లింది. మొదట కొంచెం వెనక, తరవాత పక్కనే. మూడో చరణంలో "వదినా"లోని "నా" దగ్గర గొంతూ తీగా ఒకే దగ్గర ఆగాయి. ఏది అవ్వదో ఏది వాద్యానిదో నేను చెప్పలేకపోయాను. పక్కింటి ఆడవాళ్లు గోడ దగ్గరికి వచ్చారు. ఒకావిడ "రాజవ్వ పాడుతుందే" అని లోపలికి కేకేసింది. ఆ తరవాతి "ఓ వదినా" వాళ్లందరూ అందుకున్నారు. పాట నాకు రాదు, అయినా ఆ రెండు మాటలూ నేనూ అందుకున్నాను, ఏడుస్తూనే.

పాట అయిపోయింది. మా ఆయన లేచి రాజవ్వ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"అమ్మా, తప్పు మీ మనవరాలిది కాదు. చుక్కలు నిజంగానే తప్పున్నాయి. నేను పెట్టింది ఉక్కు పోతలకి వాడే స్కేలుతో. ఉక్కు చల్లారితే కుదించుకుంటుందని దాని మీద కొలత పెద్దదిగా ఉంటుంది. తీగ కుదించుకోదు. పొరపాటున అది తీశాను" అన్నారు. ఈయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేనూ విన్నాను, ఓదెలూ విన్నాడు, కావాలంటే అడగండి.

మహిత కళ్లు తుడుచుకుని నవ్వింది. "గందుకే పైకి పోతాంటే పెరిగింది సార్" అంది. తరవాత అవ్వ వైపు తిరిగి, "ఆ రోజు తప్పన్నది నేనే అవ్వా. నువ్వు కరెక్టే ఉన్నవ్" అంది చిన్నగా.

"గది నాకు ఎరుకే" అంది అవ్వ.

"ఇవ్వమ్మా. ఈ చుక్కలు పీకేసి, సరైన కొలతతో పెట్టి ఎల్లుండి తెచ్చిస్తాను" అని మా ఆయన చెయ్యి చాచారు. మహిత ఇవ్వబోయింది. రాజవ్వ ముందుకు వంగి, మక్క పీచు అంటుకున్న చెయ్యి ఆ వాద్యం మెడ మీద వేసి పట్టుకుంది.

"వద్దు సారూ."

"తప్పున్నాయమ్మా."

"ఉండనీ. సుక్కలు సక్కగైతే ఈ పిల్ల నన్నడగది."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. స్కేలు సంచిలో పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. రాజవ్వ చాట పక్కకి జరిపి, మహిత మోకాలు తట్టి, "మొదటికెల్లి పట్టు" అంది.